పచ్చి ఇటుక, కాలిన ఇటుక

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1985 పదో తరగతి బ్యాచ్ మిత్రుడు, ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

  

సాంకేతిక రంగంలో మనవాళ్ల విజయాల గురించి మాట్లాడమని సంఘం వారు అడిగారు. విజయాలు చెప్పడానికి నాకంటే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. నేను కార్యదర్శి గారిని బతిమాలి విషయం మార్చుకున్నాను. ఈ స్కూల్లో ఉన్న ఒక బీరువా గురించి మాట్లాడతాను.

మొన్న జూన్‌లో స్కూలు తెరిచిన వారం నేను ఇక్కడికి వచ్చాను. హెడ్మాస్టరు గారు టీ ఇప్పించి, లేబొరేటరీ పక్క గదిలోకి తీసుకెళ్లి బీరువా తెరిచారు. అందులో 24 ట్యాబ్లెట్లు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కదాని అద్దం కూడా పగల్లేదు. ఛార్జింగు వైర్లకు రబ్బరు బ్యాండ్లు కూడా వేసి ఉన్నాయి. "స్టాక్ రిజిస్టర్‌లో ఉన్నాయి కాబట్టి పారేయలేను. పని చేయవు కాబట్టి పిల్లలకు ఇవ్వలేను. ఏం చేయమంటారు?" అని అడిగారు.

ఆ ట్యాబ్లెట్లు 2017లో మన సంఘం ఇచ్చినవి. అప్పటి కొనుగోలు కమిటీలో ఇంజనీరును నేనొక్కణ్నే. "ఇవే తీసుకుందాం, పాఠాలు కూడా వాళ్లే పెట్టిస్తారు" అని సంతకం చేసింది నేను. మీలో కొందరు పెన్షన్ డబ్బులోంచి చందా ఇచ్చారు. ఈ స్వర్ణోత్సవ సభలో ఆ లెక్క మీకు అప్పజెప్పాలనే ఈ విషయం ఎంచుకున్నాను.

ఏం జరిగిందంటే, పాఠాలు పెట్టిన కంపెనీ 2021లో మూతపడింది. ట్యాబ్లెట్ ఆన్ చేయగానే ముందు ఆ కంపెనీ సర్వర్‌ను అడిగి, అక్కణ్నుంచి సరే అని జవాబు వస్తేనే తెరుచుకునేలా వాళ్లు ఏర్పాటు చేశారు. దొంగలు ఎత్తుకుపోకుండా, పిల్లలు ఆటలు పెట్టుకోకుండా ఇది మంచిదేనని నేనే మీటింగులో సమర్థించాను. సర్వర్ పోయింది. జవాబిచ్చేవాళ్లు లేరు. మొత్తం చెరిపేసి మొదటి నుంచి పెడదామన్నా, మళ్లీ అదే తాళం తెర వచ్చి నిలబడుతుంది. వస్తువు చెక్కుచెదరలేదు, పని మాత్రం చేయదు.

మా వృత్తిలో ఇలాంటి దాన్ని ఇటుక అంటారు. ఇంగ్లీషువాళ్లు పెట్టిన మాటే అయినా మనకు బాగా అర్థమవుతుంది. చూడ్డానికి ఫోనే, రూటరే, కానీ ఇటుక ముక్క ఎంత పని చేస్తుందో అదీ అంతే చేస్తుంది. నన్నడిగితే ఇటుకే నయం, గోడకైనా పనికొస్తుంది.

మన స్కూలు దారిలో చెరువు దాటాక ఇటుకల బట్టీ ఉండేది గుర్తుందా? వానొస్తే అక్కడివాళ్లు పరుగెత్తి పచ్చి ఇటుకల మీద తాటాకులు కప్పేవారు. తడిసి పాడైన పచ్చి ఇటుకను మళ్లీ మట్టిలో కలిపి తొక్కి ఇంకో ఇటుక కోసుకోవచ్చు. బట్టీలో కాలిన ఇటుక వంకర పోతే దాన్ని మళ్లీ మట్టి చేయడం ఎవరి తరమూ కాదు. పాడైన పరికరాల్లోనూ ఈ రెండు రకాలున్నాయి. పచ్చి ఇటుకను ఓపిక ఉన్నవాడు తిరిగి బతికిస్తాడు. కాలిన ఇటుకను ఎవరూ బతికించలేరు. ఏది ఏ రకం అవుతుందనేది ముప్పాతిక వంతు అది పాడైన రోజున తేలే విషయం కాదు. దాన్ని తయారు చేసిన రోజునే తేలిపోతుంది.

పిల్లల కోసం ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. పొద్దున్నే స్కూలు తెరవాలంటే ముందు అటెండరు గారు వచ్చి గేటు తాళం తీయాలి. తర్వాత గదులు, తర్వాత గంట, తర్వాత పాఠాలు. మీ చేతిలో ఫోను కూడా అంతే. మీట నొక్కగానే ఒక చిన్న ప్రోగ్రాం లేస్తుంది. అది మెమరీని లేపి, అన్నీ సరిగ్గా ఉన్నాయో చూసి, పెద్ద ప్రోగ్రాంను పిలుస్తుంది. ఆ చిన్న ప్రోగ్రాం చెడిపోతే, లోపల అంతా బాగున్నా గేటు తెరిచేవాళ్లుండరు. టీచర్లు, పిల్లలు, సుద్దముక్కలు అన్నీ ఉన్నాయి. స్కూలు మాత్రం లేదు.

ఆ ప్రోగ్రాంలు ఫ్లాష్ మెమరీ అనే చిప్పులో ఉంటాయి. దాని స్వభావం నల్లబల్ల లాంటిది. పాతది తుడవకుండా కొత్తది రాయలేం. అదీ ఒక్కో అక్షరం కాదు, ఒక భాగమంతా ఒకేసారి తుడవాలి. తుడిచిన తర్వాత, రాసే లోపల కరెంటు పోయిందనుకోండి. పాతా ఉండదు, కొత్తా ఉండదు. అప్‌డేట్ జరుగుతుండగా స్విచ్ ఆపొద్దు అని తెర మీద వచ్చేది అందుకే.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివే ఇంజనీరునయ్యాను. కానీ అర్థమైంది అనంతపురం జిల్లాలో ఒక వేరుశనగ చేను గట్టు మీద.

2011లో నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ని. బోరు మోటారును ఇంట్లో నుంచే సెల్‌ఫోన్‌తో వేసే స్టార్టర్ డబ్బాలు చేసేవాళ్లం. అప్పట్లో వ్యవసాయానికి త్రీ ఫేజ్ కరెంటు విడతలుగా వచ్చేది, ఒక విడత అర్ధరాత్రి. రైతు చీకట్లో టార్చిలైటు పట్టుకుని చేనుకు నడవాలి. మా డబ్బా ఉంటే మంచం మీద నుంచే మోటారు వేసుకోవచ్చు. మంచి వస్తువే.

ఆ బోర్డు డిజైన్ నాది. అందులో రెండు ప్రోగ్రాంలు పట్టే చిప్పు పెట్టాలా, ఒకటే పట్టే చిప్పు చాలా అని చర్చ వచ్చింది. రెండు పట్టేదైతే పాతదాన్ని అలాగే ఉంచి, కొత్తదాన్ని పక్కన రాసుకుని, అంతా సరిగ్గా ఉందని తేలాకే దానికి మారొచ్చు. రెండు నల్లబల్లలు ఉన్నట్టు. ఒకటే పట్టేదైతే ఒక్కో బోర్డు మీద నలభై రూపాయలు మిగులుతాయి. నేను నలభై రూపాయలు మిగిల్చాను. మెచ్చుకున్నారు కూడా.

తర్వాత ఏడాది ఒక అప్‌డేట్ పంపాం. త్రీ ఫేజ్ వచ్చినప్పుడే డబ్బాకు పవరు. అందుకే అర్ధరాత్రి విడత మొదలవగానే అది తుడిచి రాయడం మొదలుపెట్టింది. ఆ రాత్రి ఒక ఫీడర్ రెండు మూడు నిమిషాలకే ట్రిప్పయింది. తెల్లారేసరికి ఆ చుట్టుపక్కల ఊళ్లలో 61 డబ్బాలు ఇటుకలయ్యాయి.

లాప్‌టాప్, ప్రోగ్రామరు అనే చిన్న పెట్టె పట్టుకుని నేనే వెళ్లాను. ఒక్కో చేనుకు నడిచి, డబ్బా విప్పి, బోర్డు మీద నేరుగా వైర్లు తగిలించి ప్రోగ్రాం ఎక్కించాలి. తొమ్మిది రోజులు పట్టింది. ఏడో రోజున ఒక పెద్దాయన చేనుకు వెళ్లాను. అప్పటికి వారం రోజులుగా ఆయన, ఆయన భార్య రాత్రి ఒంటిగంటకు లేచి బోరు దగ్గరికి నడుస్తున్నారు. ఒక రాత్రి గట్టు మీద రక్తపింజర అడ్డం వచ్చిందట. ఆమె టార్చి ముందుకు వేసింది కాబట్టి సరిపోయింది. నేను పని చేస్తున్నంతసేపూ ఆయన పక్కనే గొంతుకు కూర్చుని చూశాడు. కోప్పడలేదు. అంతా అయ్యాక అడిగాడు.

"నాయనా, పాత డబ్బా చెడిపోతే మా ఊళ్లో మోటార్లు చుట్టే పిల్లోడు గంటలో బాగుచేస్తాండె. దీనికి నువ్వు హైదరాబాదు నుంచి రావల్ల. నువ్వు రాకుంటే?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ కొత్త డిజైన్ ఏది నా టేబుల్ మీదికి వచ్చినా ముందు ఆ ప్రశ్నే వేసుకుంటాను. "నేను రాకుంటే?"

ఇది నా ఒక్కడి తప్పే అయితే ఇంతమంది ముందు చెప్పి విసిగించేవాణ్ని కాదు. పెద్ద పెద్ద వాళ్లకూ ఇది జరిగింది. 1976లో అంగారకుడి మీద దిగిన వైకింగ్-1 ఆరేళ్లకు పైగా పనిచేసింది. 1982 నవంబరులో దాని బ్యాటరీ ఛార్జింగును మెరుగుపరుద్దామని భూమి నుంచి కొత్త ఆదేశాలు పంపారు. అవి పొరపాటున, యాంటెన్నా భూమి వైపు ఎలా తిరగాలో రాసిపెట్టుకున్న చోట పడ్డాయి. యాంటెన్నా దారి మరిచిపోయింది. మళ్లీ మాట కలవలేదు. మంచి చేయబోయి రాసిన నాలుగు మాటలు రాయకూడని చోట పడ్డాయి, అంతే.

కావాలని చేసినవీ ఉన్నాయి. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ అనే వైరస్ ఎన్నో దేశాల్లో కంప్యూటర్లను ఒకేరోజు పడగొట్టింది. అది హార్డ్‌డిస్క్ చెరపడంతో ఆగలేదు. నేను ఇందాక చెప్పిన గేటు తాళం ప్రోగ్రాం మీదే చెత్త రాసింది. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైన తెల్లవారుజామునే వయాశాట్ అనే సంస్థ ఉపగ్రహ మోడెంల మీద దాడి జరిగింది. ఫ్లాష్ మెమరీ చెరిగిపోయి వేలకొద్దీ మోడెంలు మూగబోయాయి. ఆ సంస్థ దాదాపు 30,000 కొత్త మోడెంలు పంపాల్సి వచ్చింది. ఎక్కడో జర్మనీలో 5,800 గాలిమరలను దూరం నుంచి గమనించే వీలు కూడా ఆ దెబ్బకే పోయింది. మరలు తిరుగుతూనే ఉన్నాయి, వాటి మాట వినిపించడం మానేసింది.

మూడో రకం మన బీరువాలో ఉన్నది. ఇక్కడ ఏమీ చెడిపోదు, ఎవరూ దాడి చేయరు. అమ్మినవాడు ఇక చాలు అనుకుంటాడు. ఇంట్లో దీపాలు, తలుపులు నడిపే రివాల్వ్ అనే పరికరం అమెరికాలో దాదాపు 300 డాలర్లకు అమ్మారు. 2014లో ఆ కంపెనీని నెస్ట్ కొన్నది. 2016 మే 15తో సర్వర్ ఆపేశారు. ఆ రోజుతో కొన్నవాళ్ల ఇళ్లలో ఆ పెట్టెలు ఉత్త పెట్టెలయ్యాయి. కార్లో పాటలు వినడానికి స్పాటిఫై అమ్మిన కార్ థింగ్ అనే పరికరం 2024 డిసెంబరు 9తో ఆగిపోయింది. మనం డబ్బిచ్చి కొన్న వస్తువు మన బల్ల మీదే ఉంటుంది. దాని ప్రాణం మాత్రం ఇంకొకరి దగ్గర ఉంటుంది. మన కథల్లో మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉన్నట్టు. మాంత్రికుడు కనీసం ఆ ఏర్పాటు తనే చేసుకున్నాడు. మనకు ఎవరూ చెప్పనైనా చెప్పరు.

ఇంతా విని, పాత వస్తువు ఎప్పటికైనా పోవాల్సిందే కదా అనకండి. మన సంఘం పెట్టిన రెండేళ్లకు, 1977 సెప్టెంబరులో, వాయేజర్-1 బయల్దేరింది. 2023 నవంబరులో అది అర్థం లేని అంకెలు పంపడం మొదలుపెట్టింది. చూస్తే దాని కంప్యూటర్లో ఒక మెమరీ చిప్పు పోయింది. అప్పటికి అది 2,400 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. మనం ఒక మాట పంపితే చేరడానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబు రావడానికి మరో ఇరవై రెండున్నర గంటలు. చిప్పు మార్చడానికి మనిషి వెళ్లలేడు. ఇంజనీర్లు దశాబ్దాల నాటి కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. చెడిన చోట ఉన్న ప్రోగ్రాంను ముక్కలు చేసి, ఖాళీ ఉన్న వేరే చోట్ల సర్దారు. 2024 ఏప్రిల్‌లో మళ్లీ అర్థమయ్యే కబురు వచ్చింది. యాభై ఏళ్ల కిందటి డిజైన్‌లో, దూరం నుంచి ప్రోగ్రాం మార్చుకునే తలుపు ఒకటి తెరిచి ఉంచారు. కాగితాలు దాచి ఉంచారు. అది బతికింది అందుకే.

కాగితాలంటే నాకు మా ఫిజికల్ సైన్స్ మాస్టారు గుర్తొస్తారు. మేం తొమ్మిదో తరగతిలో ఉండగా హెడ్మాస్టరు గదిలో రేడియో మూగబోయింది. మాస్టారు దాన్ని తరగతికి తెచ్చి, వెనక అట్ట విప్పి, మమ్మల్ని చుట్టూ నిలబెట్టారు. అట్ట లోపలి వైపు ఒక కాగితం అతికించి ఉంది. దాని మీద ఆ రేడియో సర్క్యూట్ మొత్తం గీసి ఉంది. "చూశారా, చేసినవాడు ఎంత మర్యాదస్తుడో! రేపు ఇది చెడిపోతుందని వాడికి తెలుసు. విప్పేవాడు ఎవడో తెలియకపోయినా వాడికి ఉత్తరం రాసి లోపల పెట్టాడు" అన్నారు. ఒక టంకం ఊడింది. అతికించగానే వార్తలు వినిపించాయి. మాస్టారు ఇప్పుడు లేరు. నేను ఇంజనీరును కావడానికి కారణం అడిగితే ఆ కాగితమే అంటాను. అలాంటి మాస్టారి శిష్యుణ్ని అయ్యుండి, జిగురుతో అతికించి, తాళం వేసి, చెవి తమ దగ్గరే పెట్టుకున్నవాళ్ల వస్తువును ఆయన స్కూలుకే నేను కొనిపించాను. సిగ్గుపడే సంగతే.

సరే, ట్యాబ్లెట్ల సంగతికి వస్తాను. జూన్‌లో రెండింటిని ఇంటికి తీసుకెళ్లాను. వాటి ప్రాసెసర్ లోపల, ఫ్యాక్టరీలోనే శాశ్వతంగా రాసేసిన ఒక చిన్న ప్రోగ్రాం ఉంది. దాన్ని ఎవరూ తుడవలేరు. అటెండరు గారి తాళం పోయినా గోడకు కొట్టిన మేకుకు ఇంకో తాళం చెవి వేలాడుతున్నట్టు. యూఎస్‌బీ వైరుతో దాన్ని పలకరించడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. నాలుగో ఆదివారం పాత ప్రోగ్రాం తీసి తాళం లేని కొత్తది ఎక్కించాను. ఆ రాత్రి ట్యాబ్లెట్ వెలిగితే మా ఆవిడను లేపి చూపించాను. ఆమె "ఇది ఎనిమిదేళ్ల కిందటిదేగా" అని మళ్లీ పడుకుంది.

దసరా సెలవుల్లో మిగతావి తెరిచాం. మన 1998 బ్యాచ్ తమ్ముడు, బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుతున్నాడు, నాతో కూర్చున్నాడు. వేడిగాలితో జిగురు కరిగించి తెర లేపడంలో నాకంటే అతని చెయ్యి నేర్పరి. మొత్తం 24లో 15 బతికాయి. ఐదింటిలో బ్యాటరీ ఉబ్బిపోయింది, ఆ సైజు బ్యాటరీలు ఇప్పుడు దొరకడం లేదు. నాలుగింటిలో మెమరీ చిప్పే పోయింది. ఆ తొమ్మిదీ కాలిన ఇటుకలు.

బతికిన 15 ట్యాబ్లెట్లలో పాఠ్యపుస్తకాలు, తెలుగు వికీపీడియా వేశాం. ఇంటర్నెట్ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. లేబొరేటరీలో ఉన్నాయి, చూసి వెళ్లండి. మిగతా తొమ్మిదింటి బ్యాటరీలు ముందే జాగ్రత్తగా తీసి, గుర్తింపు ఉన్న ఈ-వేస్ట్ సేకరణదారుకు అప్పగించాం. సరైన పద్ధతి అదే. చెత్తబుట్టలో వేయకూడదు, ఇనుప సామాను బండికి ఇవ్వకూడదు. బ్యాటరీ లేని బోర్డులను మాత్రం తొమ్మిదో తరగతి పిల్లలు విప్పి చూడటానికి ఉంచుకున్నాం. పోయిన తొమ్మిదింటి ఖరీదు నా వంతుగా సంఘం ఖాతాలో జమ చేశాను. రసీదు కోశాధికారి గారి దగ్గర ఉంది. దీనికి చప్పట్లు కొట్టకండి, ఇది విరాళం కాదు, బాకీ.

ఈ స్వర్ణోత్సవ నిధితో స్కూలుకు మళ్లీ పరికరాలు కొనబోతున్నామని విన్నాను. పెద్ద తెరలు, కంప్యూటర్లు అంటున్నారు. కొనండి. కానీ చెక్కు రాసే ముందు అమ్మేవాణ్ని మూడు ప్రశ్నలు అడగమని కమిటీ వారిని కోరుతున్నాను.

మొదటిది, మీ కంపెనీ రేపు మూతపడితే ఇది పని చేస్తుందా? మాట మీద నమ్మకండి. ఇంటర్నెట్ వైరు పీకేసి రెండు రోజులు వాడి చూడండి. ఆగిపోతే మనం వస్తువు కొనడం లేదు, అద్దెకు తెచ్చుకుంటున్నాం. అద్దె ధరే ఇవ్వండి.

రెండోది, చెడిపోతే దీన్ని విప్పగలిగినవాడు ఈ ఊళ్లో ఉన్నాడా? స్క్రూలున్నాయా, జిగురుందా? బ్యాటరీ విడిగా దొరుకుతుందా? కావాలంటే మన రిపేరు షాపు తమ్ముణ్ని కమిటీలోకి తీసుకోండి. 2017లో నా బదులు అతన్ని అడిగి ఉంటే ఇవాళ నేను ఈ ప్రసంగం చేయాల్సి వచ్చేది కాదు. వినియోగదారుకు మరమ్మతు హక్కు ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2022లో ఒక కమిటీ వేసింది. ఫోన్లు, ట్యాబ్లెట్లతో పాటు వ్యవసాయ పరికరాలూ దాని పరిధిలో ఉన్నాయి. ఆ హక్కు చట్టంగా వచ్చేదాకా ఆగక్కర్లేదు. కొనేటప్పుడు అడిగే హక్కు మనకు ఎప్పుడూ ఉంది.

మూడోది, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? పాస్‌వర్డులు, మళ్లీ మొదటి నుంచి ప్రోగ్రాం ఎక్కించుకునే కాపీ, ఎలా ఎక్కించాలో రాసిన కాగితం, ఈ మూడూ ఒక కవరులో పెట్టి స్కూలు బీరువాలో ఉంచాలి. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించాలి. హెడ్మాస్టర్లు బదిలీ అవుతారు, మేం వేరే ఊళ్లలో ఉంటాం, కంపెనీలు చేతులు మారతాయి. కవరు బీరువాలో ఉండాలి.

బాగుచేసిన 15 ట్యాబ్లెట్లకూ ఆ పని పూర్తి చేశాం. ప్రతి ట్యాబ్లెట్ వెనక కవరు లోపల ఒక చిన్న కాగితం అతికించాం. దాన్ని ఎలా విప్పాలో, ప్రోగ్రాం ఎలా ఎక్కించాలో తెలుగులో రాసి ఉంది. పదేళ్ల తర్వాత ఎవరు విప్పుతారో మాకు తెలియదు. బహుశా వెనక నిలబడిన పిల్లల్లో ఒకరు కావచ్చు. అనంతపురం పెద్దాయన అడిగిన దానికి ఇన్నేళ్ల తర్వాత నేను చెప్పగలిగిన జవాబు ఇదొక్కటే. నేను రాకపోయినా పరవాలేదు పెద్దాయనా, కాగితం లోపలే ఉంది.